గార పళ్ళు పిల్లల తప్పు కాదు: నెల్లూరు నుంచి ధర్మపురి దాకా ఒక చరిత్ర



పోయిన ఉగాది నాడు మన సంఘం తరఫున పిల్లలకు బహుమతులు ఇచ్చాం, అందరూ చూశారు. ఫోటో తీసే తమ్ముడు "నవ్వండి, నవ్వండి" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. ఒక పాప మాత్రం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన "పొద్దున్నే పళ్ళు బాగా తోముకుంటే ఈ సిగ్గు ఉండదు కదమ్మా" అన్నారు. నలుగురు నవ్వారు. ఆ పాప ఫోటో అయ్యేలోపలే మెట్లు దిగి పోయింది.

ఆ పెద్దాయన మంచి మనసున్నవారు. ఆయన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. మేమూ ఆ వరసలోనే కూర్చున్నాం, విషయం తెలిసి కూడా ఒక్క మాట అనలేదు. ఆ రోజు నోరు మూసుకున్నందుకు ఈ రోజు ఇంత పొడుగు రాయాల్సి వచ్చింది. తమిళ బడిలో చదువుకున్నవాళ్ళం, తెలుగు అక్షరాలు మా నాయన దగ్గర ఇంట్లో నేర్చుకున్నవాళ్ళం. రాతలో తప్పులుంటే మన్నించండి.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మేము రైల్వేలో గుమాస్తాగా ధర్మపురి జిల్లాలోని ఒక చిన్న స్టేషనులో 1987 నుంచి 1996 దాకా పని చేశాం. క్వార్టర్సు వెనక ఒక చేతి పంపు. నీళ్ళు కంటికి స్వచ్ఛంగా ఉండేవి, రుచిలో కొంచెం చప్పన, అంతే. మా అమ్మాయి 1988లో పుట్టింది. పాలపళ్ళు చక్కగా తెల్లగా వచ్చాయి. ఏడో ఏట ముందు పళ్ళు ఊడి కొత్తవి మొలిచినప్పుడు వాటి మీద అడ్డంగా సుద్దముక్కతో గీసిన మాదిరి గీతలు ఉన్నాయి. రెండేళ్ళలో ఆ గీతలు పసుపు రంగుకు, తరువాత ఇటుక రంగుకు తిరిగాయి. తమిళంలో కరై అంటారు, మనం గార అంటాం.

మేమేం చేశాం? తోముకోవడం లేదని తిట్టాం. వేపపుల్ల ఇచ్చాం. బొగ్గుపొడి, ఉప్పు పెట్టాం. చివరికి ఇటుక పొడి జల్లించి మేమే కూర్చోబెట్టి రుద్దాం. చిగుళ్ళలో నెత్తురు వచ్చినా ఆపలేదు. గార పోలేదు. పోయింది ఆ బిడ్డ నవ్వు. బడి ఫోటోల్లో, చుట్టాల పెళ్ళి ఫోటోల్లో ఎక్కడ చూసినా మా అమ్మాయి పెదవులు బిగించుకొనే ఉంటుంది.

సేలంలో ఒక పళ్ళ డాక్టరమ్మ చూసి చెప్పారు: "సార్, ఇది పైన అంటుకున్న మచ్చ కాదు. పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడింది. పాపకు రెండు మూడేళ్ళ వయసులో ఏ నీళ్ళు తాగించారు, ఏం తినిపించారు?"

మేము తల వంచుకున్నాం. నీళ్ళు చేతి పంపువి. తిండి రేషను బియ్యం అన్నం, చారు, ఊరగాయ. ఇంట్లోకి వచ్చే పాలు కాఫీకి సరిపోయేవి. కోడిగుడ్డు ఉంటే రాత్రి డ్యూటీకి పోయేవాళ్ళకు, అంటే మాకు. పక్క క్వార్టర్సులో ఒక గ్యాంగుమన్ కుటుంబం ఉండేది. వాళ్ళదీ అదే పంపు. కానీ వాళ్ళు ఒక ఆవును పెట్టుకున్నారు, మధ్యాహ్నం రాగి సంగటే తినేవాళ్ళు. వాళ్ళ పిల్లవాడి పళ్ళ మీద సన్నటి తెల్ల గీతలే తప్ప ఇటుక రంగు లేదు. ఒక్క ఇంటిని చూసి సిద్ధాంతం కట్టకూడదు. అందుకే మేము ఆ తరువాత దొరికినదంతా చదవడం మొదలుపెట్టాం. ఆ చదివిందే ఇక్కడ చెబుతున్నాం.

పన్ను బయటికి వచ్చిన రోజున పుట్టదు. పాలపళ్ళు తల్లి కడుపులో నాలుగో నెలనుంచే గట్టిపడటం మొదలవుతాయి. పెద్ద దవడపన్ను, ఆరేళ్ళకు బయటికి వచ్చేది, బిడ్డ పుట్టే సమయానికే మొదలవుతుంది. ముందరి శాశ్వత పళ్ళు చాలావరకు పుట్టిన మూడు నాలుగు నెలలకు మొదలై, నాలుగైదేళ్ళ వయసుకు వాటి పై పొర పూర్తవుతుంది. ఈ పై పొరనే డాక్టర్లు ఎనామెల్ అంటారు. మిగిలిన దవడపళ్ళకు ఏడెనిమిదేళ్ళు పడుతుంది. జ్ఞానదంతాల సంగతి వేరు. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామెల్ ఒకసారి తయారైతే శరీరం దాన్ని మళ్ళీ కట్టలేదు. మా స్టేషను రిజిస్టరులో ఒకసారి రాసింది చెరపకూడదని నియమం ఉండేది. పన్ను కూడా అలాంటి రిజిస్టరే. బిడ్డకు ఏ ఏట తిండి సరిపోలేదో, ఏ నీళ్ళు తాగిందో అందులో ఉండిపోతుంది.

తిండికీ పంటికీ ఉన్న ఈ సంబంధాన్ని ఇంగ్లండులో మే మెలన్బీ అనే ఆవిడ మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే కాలంనుంచి పరిశోధించారు. ఆమె భర్త ఎడ్వర్డ్ మెలన్బీ పిల్లల కాళ్ళు వంకరపోయే రికెట్స్ జబ్బుకు తిండిలోని లోపం కారణమని 1919 ప్రాంతంలో చూపించారు. ఆమె అదే పద్ధతిలో కుక్కపిల్లల పళ్ళను, తరువాత పిల్లల పళ్ళను చూశారు. విటమిన్ డి, కాల్షియం తక్కువైతే ఎనామెల్ గరుకుగా, గుంటలు గుంటలుగా తయారవుతుందని, అలాంటి పన్ను త్వరగా పుచ్చుతుందని చెప్పారు.

మన వైపు కూడా ఆ కాలంలోనే తిండి మీద పని మొదలైంది, అదీ నీలగిరిలోని కూనూరులో. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక గదిలో మొదలుపెట్టిన పనే పెరిగి పోషకాహార పరిశోధనశాల అయ్యింది. ఆయన మన దేశంలో వేరు వేరు ప్రాంతాలవాళ్ళు తినే తిండిని ఎలుకలకు పెట్టి చూశారు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు ఉన్న పంజాబు సిక్కుల తిండి తిన్న ఎలుకలు బాగా పెరిగాయి. తెల్ల బియ్యం ఎక్కువగా, పాలు, కూరలు తక్కువగా ఉన్న మద్రాసు తిండి తిన్నవి అట్టడుగున నిలిచాయి. మన ఇళ్ళలో తిండి లెక్క ఎక్కడ తప్పిందో నూరేళ్ళ కిందటే తెలిసిందన్న మాట. ఆ కూనూరు పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు మారింది. 1969నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. దాని పేరు ఈ కథలో మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు గార సంగతికి వద్దాం. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి 1901లో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు వచ్చాడు. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు చూశాడు. కారణం నీళ్ళలోనే ఉందని అనుమానించాడు, ఆ నీళ్ళలో ఏముందో మాత్రం తేలలేదు. ముప్పై ఏళ్ళ తరువాత, 1931లో, ఒక అల్యూమినియం కంపెనీ కెమిస్టు చర్చిల్ నీళ్ళను పరీక్ష చేస్తే ఫ్లోరైడ్ బయటపడింది. అప్పటినుంచి ఒక విషయం తేలింది. ఫ్లోరైడ్ కొద్దిగా ఉంటే పుచ్చు తగ్గుతుంది, ఎక్కువైతే పన్నే చెడుతుంది. అందుకే అక్కడ గ్రాండ్ ర్యాపిడ్స్ అనే ఊళ్ళో 1945లో నీళ్ళకు ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. మన భూమిలో అడగకుండానే ఎక్కువ ఉంది, మనం తీసెయ్యాల్సి వచ్చింది.

ఈ జబ్బును వైద్యులు మన దేశంలో వివరంగా గుర్తించింది తెలుగు నేల మీదే. అప్పటి మద్రాసు రాష్ట్రంలో నెల్లూరు జిల్లా. దున్నే ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం రైతులు ముందు గమనించారని, మనుషుల సంగతి తరువాత తెలిసిందని చెబుతారు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న షార్ట్, పండిట్, రాఘవాచారి గార్లు 1937లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి వైద్య పత్రికలో రాశారు. నడుము వంగి, మెడ తిరగక, మంచాన పడ్డ పెద్దవాళ్ళు, పళ్ళ మీద మచ్చలున్న పిల్లలు, రెండింటికీ కారణం బావి నీళ్ళలోని ఫ్లోరైడే అని తేల్చారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళాయి. ఈ ముగ్గురిలో షార్ట్ తరువాత మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాగే దశను కనిపెట్టినవారిలో ఒకరు. పండిట్ గారు స్వతంత్రం వచ్చాక భారత వైద్య పరిశోధనా మండలికి అధిపతి అయ్యారు.

మన విషయానికి ముఖ్యమైనది 1940లో వచ్చిన వాళ్ళ రెండో వ్యాసం. పండిట్, రాఘవాచారి గార్లు ఇంకో ఇద్దరితో కలిసి పిల్లల పళ్ళ మచ్చలను, పెద్దల ఎముకల జబ్బును పక్కపక్కన పెట్టి చూశారు. వాళ్ళ ప్రశ్న ఇదీ: ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళే తాగినా అందరికీ ఒకే మాదిరి ఎందుకు రాలేదు? నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత ఉందన్నది ఒక్కటే లెక్క కాదని, తిండి లోపం, ముఖ్యంగా విటమిన్ సి లోపం ఉన్న బీదవాళ్ళలో జబ్బు ముదురుతుందని వాళ్ళు గమనించారు. మేము ఇది చదివినప్పుడు మా పక్క క్వార్టర్సు ఆవు గుర్తుకు వచ్చింది.

దీనికి కారణం కష్టమైనదేమీ కాదు. తిండిలో కాల్షియం సరిపడా ఉంటే అది కడుపులోనే ఫ్లోరైడ్‌ను పట్టుకొని కరగని పదార్థంగా మారుస్తుంది. అందులో కొంత మలంతో బయటికి పోతుంది. కాల్షియం లేకపోతే ఫ్లోరైడ్ తేలిగ్గా నెత్తురులో కలిసి, తయారవుతున్న పంటికి, ఎముకకు చేరుతుంది. నీళ్ళ పాపం అందరికీ సమానం, దాని శిక్ష మాత్రం పాలు లేని ఇంటి పిల్లలకు ఎక్కువ.

1973లో నల్లగొండ వైపునుంచి ఇంకా భయంకరమైన వార్త వచ్చింది. ఇందాక చెప్పిన హైదరాబాదు సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు ఫ్లోరైడ్ ఉన్న గ్రామాల్లో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగలడం చూసి లాన్సెట్ పత్రికలో రాశారు. 1937లో నెల్లూరులో చూసింది ముఖ్యంగా పెద్దవాళ్ళ ఎముకలు గట్టిపడి బిగుసుకుపోవడం. ఇక్కడ పిల్లల ఎముకలు పలచబడి వంగాయి. ఆ దశాబ్దంలోనే నాగపూరులోని నీరి సంస్థవాళ్ళు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతి తయారుచేశారు. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. ఒక ఊరి కష్టం వల్ల ఆ ఊరి పేరు లోకానికి తెలియడం ఏ ఊరూ కోరుకోదు.

మరి ధర్మపురికీ నెల్లూరుకీ ఏం సంబంధం? మన పెద్దలు తెలుగు నేల వదిలి ఈ వైపు వచ్చి కొన్ని వందల ఏళ్ళయింది. భాషను మోసుకొచ్చారు, పెళ్ళి పాటలను, దేవుళ్ళను మోసుకొచ్చారు. ఈ నీళ్ళను వాళ్ళు మోసుకురాలేదు. ఇక్కడి నేల అడుగున కూడా అలాంటి పాత గట్టి రాయే ఉంది. వాన తక్కువ, బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్ళు ఆ రాతిలో ఎక్కువ కాలం నిలిచి ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. మన ప్రమాణాల ప్రకారం లీటరు తాగే నీళ్ళలో 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండటం మంచిది, వేరే నీళ్ళు లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ధర్మపురి, కృష్ణగిరి వైపు చాలా బోర్లలో అంతకు మించి ఉంది.

ఇక్కడ ఒక రైల్వే సంగతి చెప్పకుండా ఉండలేము. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంకా ఆవిరి ఇంజన్లు తిరిగేవి. ఇంజనులో పోసే నీళ్ళను పరీక్ష చేసేవాళ్ళు, ఉప్పు నీళ్ళయితే బాయిలరులో పెచ్చు కడుతుందని. ఇంజను కడుపులోకి పోయే నీళ్ళకు పరీక్ష ఉండేది. మా పిల్లల కడుపులోకి పోయే నీళ్ళను పరీక్ష చేయించాలని మాకెవరికీ తోచలేదు. అడిగినవాళ్ళం కాదు కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేము.

తిండి వైపు మన రాష్ట్రానికి మంచి చరిత్రే ఉంది. దాని మొదట్లో ఒక తెలుగువారు ఉన్నారు. 1920లో పిట్టి త్యాగరాయ చెట్టి గారు మద్రాసు కార్పొరేషను అధ్యక్షులుగా ఉన్నప్పుడు థౌజండ్ లైట్స్ కార్పొరేషను బడిలో పిల్లలకు తిండి పెట్టడం మొదలయ్యింది. రోజుకు ఒక పిల్లవాడికి ఒక అణా మించకూడదని లెక్క. 1925లో అది ఆగిపోయింది. 1956లో కామరాజ్ గారు మధ్యాహ్న భోజనాన్ని రాష్ట్రమంతటా నడిపించారు. 1982 జులై 1న ఎం.జి.ఆర్. గారు మనమంతా సత్తుణవు అని పిలిచే పథకాన్ని మొదలుపెట్టారు. 1989లో పదిహేను రోజులకు ఒక గుడ్డు చేరింది, ఇప్పుడు బడి ఉన్న రోజుల్లో గుడ్డు వస్తోంది. ఎంతోమంది పిల్లలు ఆ అన్నం వల్లే బడికి వచ్చారు. మాతో చదువుకున్నవాళ్ళలోనూ అలాంటివాళ్ళు ఉన్నారు.

కానీ పై లెక్క ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ముందు పళ్ళ ఎనామెల్ నాలుగైదేళ్ళకే పూర్తవుతుంది. బిడ్డ ఒకటో తరగతి పలక పట్టుకొనేసరికి ఆ పళ్ళ రాత అయిపోయింది. బడి అన్నం ఒంటికి, చదువుకు, వెనక దవడపళ్ళకు, చిగుళ్ళకు పనికొస్తుంది. ముందు పళ్ళకు మాత్రం అది ఆలస్యంగా వచ్చిన బండి. పంటికి తిండి పెట్టాల్సింది గర్భంతో ఉన్న తల్లికి, చంటిబిడ్డకు, అంగన్‌వాడీ వయసు పిల్లలకు. అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలైన పథకం. మనలో చాలామంది అంగన్‌వాడీ గుడ్డును, పిండిని "మన ఇంట్లో లేదా ఏమిటి" అని వదిలేస్తాం. మేమూ వదిలేశాం. ఆ గౌరవం మా అమ్మాయి పళ్ళకు ఖర్చయ్యింది.

ఫ్లోరైడ్ లేని ఊళ్ళో కూడా తిండి లోపం నోటిలో కనబడుతుంది. చాలా కాలం తిండి సరిపోని పిల్లలకు పళ్ళు ఆలస్యంగా వస్తాయి. స్వీడను పరిశోధకులు మనవాళ్ళతో కలిసి మన దేశపు పిల్లలను చూసి 1992లో రాసినదాని ప్రకారం, అలాంటి పిల్లల నోటిలో లాలాజలం ఊరడం తగ్గుతుంది, పాలపళ్ళలో పుచ్చు ఎక్కువవుతుంది. లాలాజలమే పంటిని కడిగేది, పులుపును తగ్గించేది. అది తగ్గిన నోటికి పది రూపాయల బిస్కెట్టు పొట్లం, రంగు నీళ్ళ సీసా తోడైతే ఏమవుతుందో చెప్పక్కరలేదు. పన్ను నొప్పి పుట్టిన బిడ్డ నమలలేక మెత్తటి అన్నమే తింటుంది. అలా తిండి ఇంకా తగ్గుతుంది.

మన అవ్వలు దినం రెండు పూటలా రాగి సంగటి, అందులోకి మునగాకు కూర, మజ్జిగ పెట్టేవాళ్ళు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో 10 మిల్లీగ్రాముల ప్రాంతం. మనం బియ్యం అన్నం తినడం మర్యాద అనుకున్నాం, సంగటిని కూలివాళ్ళ తిండి అన్నాం. 2011లో రేషను బియ్యం ఉచితం అయ్యింది, ఆకలి తీరింది, అది చిన్న విషయం కాదు. సంగటి మాత్రం చాలా ఇళ్ళలో పండగ వింతగా మిగిలింది. 2023లో ప్రభుత్వం ధర్మపురి, నీలగిరి జిల్లాల రేషను దుకాణాల్లో కార్డుకు రెండు కిలోల బియ్యం బదులు రెండు కిలోల రాగులు ఇవ్వడం మొదలుపెట్టింది. అవ్వలకు తెలిసినది తిరిగి రావడానికి ఇంత కాలం పట్టింది.

నీళ్ళ విషయంలో కూడా మంచి జరిగింది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీళ్ళు తెచ్చే హొగెనక్కల్ పథకానికి జపాను సాయంతో 2008లో శంకుస్థాపన అయ్యింది, 2013లో అది ప్రారంభమయ్యింది. దాని పేరులోనే ఫ్లోరోసిస్ తగ్గించడం అని ఉంది. ఆ కుళాయి వచ్చే వీధిలో దాన్నే తాగడానికి, వంటకు వాడండి, బోరు నీళ్ళు కడగడానికి పెట్టుకోండి. బోరు ఒక్కటే ఉన్నవాళ్ళు నీళ్ళను పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. గర్భంతో ఉన్న కోడళ్ళకు, కూతుళ్ళకు, అయిదేళ్ళ లోపు పిల్లలకు రాగులు, పాలు లేక మజ్జిగ, మునగాకు, గుడ్డు తినేవాళ్ళయితే గుడ్డు, ఉసిరికాయో జామకాయో పెట్టండి. ఇంట్లో ఒకే గుడ్డు ఉంటే అది డ్యూటీకి పోయేవాడికి కాదు.

గార పళ్ళున్న పిల్లలను చూస్తే తోముకోమని చెప్పకండి, రుద్దకండి. పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోండి, పైన పూత వేసి కనబడకుండా చేసే దారులు ఇప్పుడు ఉన్నాయి. పెళ్ళిచూపుల్లో అమ్మాయి పళ్ళు చూసి వద్దనేవాళ్ళకు ఈ కథ చెప్పండి. ఆ గార అంటువ్యాధి కాదు, పుట్టబోయే బిడ్డకు వచ్చే వారసత్వమూ కాదు. వాళ్ళ ఊరి బావిలోని నీళ్ళు, వాళ్ళ ఇంటి కంచంలో లేని పాలు, అంతే.

మా అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు ఫోను చేసి, ఇటుక పొడి సంగతి రాయవచ్చా అని అడిగాం. కాసేపు మాట్లాడలేదు. తరువాత "రాయండి నాయనా, ఇంకో ఇంట్లో ఎవరూ రుద్దకుండా ఉంటారు" అనింది.

వచ్చే ఉగాదికి ఆ పాపను మళ్ళీ వేదిక మీదికి పిలుద్దాం. ఫోటో తమ్ముడికి ముందే చెప్పి ఉంచుతాం, నవ్వమని ఎవరినీ బలవంతం చేయవద్దని. మీ ఊరి నీళ్ళ సంగతి, మీ ఇంటి అవ్వల వంటల సంగతి తెలిస్తే కింద రాయండి.